డైనమో రిపేరు డైరీ: వెనకాల వాక్యూమ్ పంపు ఉన్న పాత డీజిల్ బండి

బండి 2012 మోడల్, 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లాంటివేం లేవు, డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్) లేబుల్ మీద 12 వోల్ట్ 70 ఆంప్ అని ఉంది, దాని వెనకే బ్రేక్ బూస్టర్ కోసం గాలి లాగే వాక్యూమ్ పంపు బిగించి ఉంటుంది, ఒకే షాఫ్టు రెండిటినీ తిప్పుతుంది. ఆ పంపుకి ఇంజిన్ నుంచి సన్న పైపులో ఆయిల్ వస్తుంది, పని అయ్యాక లావు గొట్టంలోంచి మళ్ళీ సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగిపోతుంది. మన దగ్గర జీపులకీ చిన్న ట్రక్కులకీ చాలావాటికి ఇదే అమరిక, అందుకే వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి బండికి డైనమో రిపేరంటే సగం పని కరెంటుది కాదు, ఆయిల్‌ది.

కంప్లయింట్ ఏంటంటే, సీజన్‌లో మిర్చి బస్తాలేసుకుని రాత్రిపూట గుంటూరు యార్డుకి వెళ్ళేటప్పుడు హెడ్‌లైట్లు వేయగానే మీటర్‌లో బ్యాటరీ లైటు సన్నగా, ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, రేస్ ఇస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. పగలంతా మామూలే. బ్యాటరీ కొత్తదే, 80 ఏహెచ్, ఏడాది కూడా కాలేదు.

రేట్లు కనుక్కుంటే కొత్త డైనమో 11,000 చెప్పారు, పాతది ఇచ్చి రీకండిషన్ చేసింది తీసుకుంటే 5,500. ఈ రెండు అంకెలూ పక్కన పెట్టుకుని పని మొదలు.

స్టేజ్ 1: పానా ముట్టుకోకముందు రీడింగులు

ముందు ఒక మాట. కొలతలు పోల్చాలంటే ప్రతిసారీ ఇంజిన్ ఒకే వేగంలో ఉండాలి, మా బండికి ఆర్‌పీఎం ముల్లు లేదు. అందుకని డీజిల్ పంపు లీవర్ దగ్గర ఇరుక్కునేలా ఒక చెక్క ముక్క చెక్కి పెట్టుకున్నా, అది పెడితే ఎప్పుడైనా అదే రేస్. రోడ్డు మీద 50లో పోయేటప్పుడు వినిపించే చప్పుడుకి సరిపోయేలా చెక్కా. ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉండేలా చూసుకోండి, తాడేసి కట్టండి. కింద "చెక్క రేస్" అని రాసిందల్లా ఇదే.

లోడ్ అంటే హెడ్‌లైట్లు లో బీమ్ (55 వాట్లవి రెండు), వెనక లైట్లు, ఏసీ బ్లోయర్ ఫుల్, వైపర్. అన్నీ కలిపి లెక్కేస్తే 320 వాట్ల దాకా, అంటే 24 ఆంప్‌ల చిల్లర. 70 ఆంప్‌ల డైనమోకి ఇది లెక్కలోది కాదు.

బ్యాటరీ పిన్నుల మీద:

- పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు: 12.31 వోల్టులు
- ఐడిల్, లోడ్ లేకుండా: 13.9
- ఐడిల్, లోడ్‌తో: 12.6
- చెక్క రేస్, లోడ్‌తో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు: 13.2
- చెక్క రేస్, లోడ్‌తో, ముప్పావు గంట నడిపాక వేడి మీద: 12.8
- అదే స్థితిలో ఏసీ రిపుల్ (డీసీలో మిగిలిపోయిన ఏసీ): 0.94

రాత్రంతా ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి, 12.3 అంటే సగానికి కాస్త పైన మాత్రమే నిండి ఉన్నట్టు. వేడి మీద లోడ్‌తో 12.8 అంటే బ్యాటరీ నిండటం కాదు, ప్రయాణంలో ఉన్నది ఉన్నట్టు నిలవడం కూడా కష్టమే.

అన్నిటికన్నా పనికొచ్చిన కొలత చివరిది. డైనమోలో పుట్టేది మూడు ఫేజుల ఏసీ, డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. డయోడ్లన్నీ బాగుంటే బ్యాటరీ దగ్గర ఏసీ 0.1 వోల్టు లోపే ఉంటుంది, 0.5 దాటిందంటే ఒక డయోడో ఒక ఫేజో పోయినట్టే. కొలిచే మల్టీమీటర్ విషయంలో జాగ్రత్త: చవక రకం మీటర్లలో ఏసీకి కనీస రేంజ్ 200 వోల్టులు, దాంతో ఈ కొలత కుదరదు, పైగా అవి ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీకి తగిలిస్తే 26, 27 అని చూపిస్తాయి, డీసీని ఆపే ఏర్పాటు లోపల ఉండదు కాబట్టి. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్నది తీసుకోండి, ఇంజిన్ ఆఫ్‌లో సున్నా చూపిస్తేనే దాన్ని నమ్మండి.

ఇక్కడ మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయ్ సంగతి. ఆయన చేతిలో ముప్పై ఏళ్ళ పనితనం ఉంది. చూడగానే "బ్యాటరీ టెర్మినల్ పీకు అబ్బాయ్, ఇంజిన్ ఆగలేదంటే డైనమో బాగున్నట్టే" అన్నాడు. వద్దు బాబాయ్ అని ఆపా. ఇది మెకానికల్ పంపు డీజిల్, ఒకసారి స్టార్టయ్యాక కరెంటు లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది, డైనమో ఊడదీసినా ఆగదు, కాబట్టి ఆ టెస్టు ఇక్కడ ఏమీ చెప్పదు. రెండోది, చార్జింగ్ నడుస్తుండగా బ్యాటరీ తీసేస్తే ఆ క్షణంలో వోల్టేజ్ పదుల్లోకి ఎగురుతుంది, రెగ్యులేటర్ (వోల్టేజ్ హద్దు దాటకుండా చూసేది), డయోడ్లు, స్టీరియో ఏదైనా పోవచ్చు, ఈసీయూ ఉన్న బండైతే వేలల్లో ఖర్చు. దయచేసి ఎవరూ చేయొద్దు, ఎవరినీ చేయనివ్వొద్దు. ఆయన కూడా రిపుల్ రీడింగ్ చూపించాక "సరే, డయోడ్ ప్లేటే అయ్యుంటది" అని ఒప్పుకున్నాడు.

ఖర్చు ఇప్పటిదాకా: 0

స్టేజ్ 2: ముందు వైర్లు

రిపుల్ చూశాక డైనమో దించాల్సిందేనని తెలిసినా ముందు వైర్లు చూశా, ఎందుకంటే బాగుచేసిన డైనమోని కుళ్ళిన వైరుకి తగిలిస్తే రీడింగ్ మళ్ళీ తక్కువే వస్తుంది, అప్పుడు తప్పు ఎక్కడుందో తేలదు.

చెక్క రేస్, లోడ్ ఆన్‌లో, మీటర్ డీసీ 2 వోల్టుల రేంజ్‌లో:

1. డైనమో బి ప్లస్ బోల్టు (కరెంటు బయటికొచ్చే చోటు) నుంచి బ్యాటరీ ప్లస్ పిన్నుకి: 0.58. ఇది 0.2 లోపు ఉండాలి.
2. డైనమో బాడీ నుంచి ఇంజిన్ బ్లాక్‌కి: 0.04. బాగుంది.
3. ఇంజిన్ బ్లాక్ నుంచి బ్యాటరీ మైనస్ పిన్నుకి: 0.21. ఎక్కువే.

అంటే డైనమో ఇచ్చినదాంట్లో దగ్గర దగ్గర 0.8 వోల్టు దారిలోనే పోతోంది. బి ప్లస్ దగ్గర రింగు లగ్గు నల్లగా కాలి ఉంది, పక్కన అంగుళం ఇన్సులేషన్ చీల్చి చూస్తే రాగి పోగులు ఆకుపచ్చగా బూడిదలా రాలుతున్నాయి. పాత వైరు తీసేసి 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ మీటరున్నర వేశా, లగ్గులు సుత్తితో కొట్టకుండా క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కించి హీట్ ష్రింక్ తొడిగా. ఎర్త్ స్ట్రాప్ కొత్తది, ఛాసీ మీద అది కూర్చునే చోట పెయింట్ గీకి, మెరిశాక బిగించి పైన గ్రీజు రాశా.

మళ్ళీ కొలిస్తే ప్లస్ వైపు 0.09, మైనస్ వైపు 0.06. వేడి మీద లోడ్‌తో బ్యాటరీ దగ్గర 12.8 కాస్తా 13.2 అయ్యింది. రిపుల్ మాత్రం 0.92, కదల్లేదు.

కేబుల్, లగ్గులు, ష్రింక్ 420. ఎర్త్ స్ట్రాప్ 150.
ఖర్చు ఇప్పటిదాకా: 570

స్టేజ్ 3: దించడం

1. బ్యాటరీ మైనస్ ముందు తీసి పక్కకి వంచి గుడ్డ చుట్టాలి. బి ప్లస్‌లో తాళం తీసినా కరెంటు ఉంటుంది, పానా బాడీకి తగిలితే వెల్డింగే.
2. వెనక కనెక్షన్లు ఫోటో తీసుకుని వైర్లకి టేపు మీద పేర్లు రాయాలి. బి ప్లస్ లావుది, డి ప్లస్ అంటే మీటర్ లైటుకి పోయే సన్నది.
3. వాక్యూమ్ గొట్టం తీసి రెండు మూతులకీ గుడ్డ కుక్కాలి.
4. ఆయిల్ వచ్చే సన్న పైపు బోల్టు విప్పాలి, దానికి అటొకటి ఇటొకటి రాగి వాషర్లు ఉంటాయి. కింద డబ్బా పెట్టుకోండి.
5. ఆయిల్ దిగే గొట్టం క్లిప్పు వదులు చేసి లాగాలి. మాది గట్టిగా అతుక్కుపోయింది, తిప్పి తిప్పి తీశా.
6. బెల్టు టెన్షన్ బోల్టు వదులు, బెల్టు తీసి, కింద పొడుగు బోల్టు చివర్లో తీయాలి. చేత్తో పట్టుకునే తీయండి, పంపుతో కలిపి బరువు బాగానే ఉంటుంది.

ఇంకోటి, ఈ డైనమో దించితే వాక్యూమ్ ఉండదు, బ్రేక్ పెడల్ రాయిలా అయిపోతుంది. దించిన బండిని "పక్క వీధిలోకే కదా" అని కూడా నడపొద్దు, పాత డైనమో లేకుండా చిన్న బెల్టేసి నడిపే అలవాటు కొందరికుంది, ఈ రకం బండికి అది ప్రాణాల మీదకి తెస్తుంది.

బల్ల మీద పెట్టి వెనక్కి తిప్పి చూడగానే అసలు విషయం కనపడింది. వెనక కవర్ సందుల్లోంచి నల్లటి ముద్ద, కాటుకలాగా. బ్రష్‌ల (తిరిగే రోటర్‌కి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) నుంచి రాలిన పొడి ఇంజిన్ ఆయిల్‌లో కలిస్తే అలా అవుతుంది. డైనమో లోపలికి ఆయిల్ రాకూడదు. వాక్యూమ్ పంపుకీ డైనమోకీ మధ్య షాఫ్టు మీద ఒక ఆయిల్ సీలు ఉంటుంది, అది వదిలేసింది.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. చాలా షాపుల్లో ఇది తెరిచి, తుడిచి, కొత్త బ్రష్‌లు, డయోడ్ ప్లేటు వేసి ఇచ్చేస్తారు, కొన్నాళ్ళు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత అదే ఆయిల్ మళ్ళీ బ్రష్‌లని నానబెడుతుంది. "రిపేరు చేసిన డైనమో నిలవదు" అని మనవాళ్ళు అనేదాంట్లో సగం కారణం ఇదేనని నా అభిప్రాయం.

స్టేజ్ 4: విప్పి కొలవడం

విప్పకముందే ముందువైపు కవర్, స్టేటర్ (కదలకుండా ఉండే తీగ చుట్ట), వెనక కవర్ మూడింటి మీదుగా పంచ్‌తో ఒక గీత. పుల్లీ నట్టు కోసం పాత బెల్టు పుల్లీకి చుట్టి వైస్‌లో పట్టించి రింగు పానాతో గట్టిగా ఒక్క గుంజు గుంజితే వచ్చింది. పుల్లీని నేరుగా వైస్‌లో పెడితే అంచు వంగుతుంది. వాక్యూమ్ పంపు బోల్టులు తీసి పంపు విడిగా పెట్టా, లోపల పలకలు చూస్తే గీతల్లేకుండా బాగున్నాయి, గాడిలో స్వేచ్ఛగా జారుతున్నాయి. వాటి జోలికి పోలేదు.

కడగడం గురించి. స్టేటర్, రోటర్ కిరోసిన్‌లో ముంచొద్దు, పెట్రోల్‌లో అసలొద్దు, వైండింగ్ మీద వార్నిష్ మెత్తబడుతుంది. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, పాత టూత్ బ్రష్, కాటన్ గుడ్డ, తర్వాత ఎండలో ఒక పూట. ముద్ద పోయేసరికి స్ప్రే డబ్బా మొత్తం ఖాళీ.

కొలతలు:

రోటర్: స్లిప్ రింగు (బ్రష్ రాసుకునే రింగు) నుంచి స్లిప్ రింగుకి 3.2 ఓమ్, మీటర్ వైర్ల 0.3 తీసేస్తే 2.9. ఈ రకానికి 2.5 నుంచి 4 మధ్య ఉంటే సరే. రింగు నుంచి షాఫ్టుకి ఏమీ చూపించకూడదు, చూపించలేదు. రోటర్ బతికుంది.

స్టేటర్: మూడు కొసల్లో ఏ రెండింటి మధ్య చూసినా మామూలు మీటర్‌కి దాదాపు సున్నానే, కాబట్టి ఓమ్‌లు చూసి వైండింగ్ బాగుందని తేల్చలేం, తెగలేదని మాత్రం తెలుస్తుంది. బాడీకి కనెక్షన్ లేదు. రంగు మూడు ఫేజులకీ ఒకేలా ఉంది, ఒక్కచోట మాత్రమే నల్లగా మాడితే అనుమానించాలి.

డయోడ్లు: స్టేటర్ మూడు వైర్లూ ప్లేటు నుంచి సోల్డరింగ్ ఊడదీసి చూడాలి, అతికి ఉండగా కొలిస్తే ఒకదాని రీడింగు ఇంకోదాంట్లో కలుస్తుంది. దీనికి 25 వాట్ల ఐరన్ చాలదు, 60 వాట్లది వాడా. పెద్ద డయోడ్లు ఆరు. ఐదు ఒకవైపు 0.48 నుంచి 0.51, రెండోవైపు ఓఎల్ (కరెంటు పారట్లేదని మీటర్ చెప్పే గుర్తు). ఆరోది రెండువైపులా ఓఎల్, అంటే లోపల తెగిపోయింది. రిపుల్ 0.94కి కారణం ఇదే. ఫీల్డ్‌కి (రోటర్ చుట్టకి) కరెంటిచ్చే చిన్న డయోడ్లు మూడూ బాగున్నాయి.

బ్రష్‌లు: హోల్డర్ నుంచి బయటికి ఒకటి 7 మిల్లీమీటర్లు, ఇంకోటి 4. 5 లోపుకి వస్తే మార్చాలి. 4 ఉన్నది ఆయిల్‌కి ఉబ్బి గాడిలో ఇరుక్కుంటోంది, వేలితో నొక్కితే స్ప్రింగు దాన్ని వెనక్కి తేవట్లేదు. వేడి మీద చార్జింగ్ తగ్గడానికి ఇదొక కారణం.

స్లిప్ రింగులు: బ్రష్ తిరిగే చోట గాడి, లోతు 0.3 దాకా, గోరు తగులుతోంది.

బేరింగులు: ముందుది 6303, వెనకది 6202, మీ వాటి మీద ఏ నెంబరుంటే అదే కొనండి. ముందుది తిప్పితే గరగర. వెనకదాంట్లో గ్రీజు ఆయిల్‌తో కొట్టుకుపోయి నీళ్ళలా ఉంది.

ఆయిల్ సీలు: పెదవి గట్టిపడి ప్లాస్టిక్ ముక్కలా అయ్యింది. షాఫ్టు మీద సీలు రాసుకునే చోట సన్నటి మెరుపు గీత, గోరుకి తెలిసీ తెలియనంత.

క్లీనర్ 280. రెగ్యులేటర్ టెస్టు కోసం చిన్న వోల్టేజ్ మాడ్యూల్, 5 వాట్ల బల్బు 140 (ఇది ఎందుకో కింద చెప్తా).
ఖర్చు ఇప్పటిదాకా: 990

స్టేజ్ 5: సామాను, ఒక రెగ్యులేటర్ గొడవ

సామాను విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా. పాత సామాను సంచిలో పట్టుకెళ్ళండి, బండి పేరు చెప్తే నాలుగు రకాలు తీసి చూపిస్తారు, పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఒక్కటే దారి. మొదట ఇచ్చిన డయోడ్ ప్లేటు చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, స్క్రూ రంధ్రం మాత్రం రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంది, అక్కడే మార్చుకున్నా. కొన్న ప్లేటు కౌంటర్ మీదే మీటర్ పెట్టి తొమ్మిది డయోడ్లూ చూశా, షాపతను ఏమీ అనుకోలేదు.

పోయింది ఒక్క డయోడే కదా, అదొక్కటి కొట్టించొచ్చు కదా అంటే, కొట్టించొచ్చు, 120 అవుతుంది. కానీ అవి ప్లేటులోకి ప్రెస్ చేసి ఎక్కించేవి, సరిగ్గా కూర్చోకపోతే వేడి ప్లేటులోకి దిగదు, మిగతా ఐదూ అదే ఆయిల్‌లో అదే వేడిలో అన్నేళ్ళు ఉన్నవే. మళ్ళీ దించే శ్రమ లెక్కేసుకుని మొత్తం ప్లేటు మార్చా.

ఆయిల్ సీలు మీద మూడు అంకెలుంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అవి చెప్పి వైటన్ రకం అడిగా. మామూలు నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీలు దాటాక నిదానంగా గట్టిపడుతుంది, వైటన్ రెండొందల దాకా తట్టుకుంటుంది, తేడా వంద రూపాయల్లోపే.

ఇప్పుడు రెగ్యులేటర్. బ్రష్‌లతో కలిపి ఒకే ముక్క, రెండు స్క్రూలతో బయటి నుంచే బిగుస్తుంది. దీన్ని బండికి వేయకముందే బల్ల మీద పరీక్ష చేయొచ్చు:

1. పాత లాప్‌టాప్ అడాప్టర్ (19 వోల్టులు), దాని ముందు వోల్టేజ్ తగ్గించే మాడ్యూల్.
2. మాడ్యూల్ ప్లస్ రెగ్యులేటర్ డి ప్లస్‌కి, మైనస్ రెగ్యులేటర్ బాడీకి.
3. రెండు బ్రష్‌ల మధ్య 5 వాట్ల 12 వోల్టుల బల్బు, అంటే రోటర్ బదులు బల్బు.
4. 12 దగ్గర బల్బు వెలగాలి. మెల్లగా స్క్రూ తిప్పి వోల్టేజ్ పెంచుతూ పోతే 14.2 నుంచి 14.6 మధ్య ఎక్కడో బల్బు ఆరిపోవాలి.

నేను తెచ్చిన మొదటిది 15.1 దాకా ఆరలేదు. డబ్బాలోంచి తీసిన కొత్తదే, పైన సీలు కూడా ఉంది. అలాగే బిగించి ఉంటే బ్యాటరీలో నీళ్ళు మరిగిపోయేవి, హెడ్‌లైట్ బల్బులు త్వరగా పోయేవి, అప్పుడు అందరం వైండింగ్ తప్పనుకునేవాళ్ళం. తీసుకెళ్ళి షాపులో అదే సెటప్‌తో చూపిస్తే మారు మాట లేకుండా ఇంకోటిచ్చారు, అది 14.4 దగ్గర ఆరింది. ఈ మాడ్యూల్ ఖర్చు ఈ ఒక్కదానితోనే తీరిపోయింది.

స్లిప్ రింగులు లేతు మీద గాడి పోయేంత మాత్రమే తీయించా, తర్వాత డయల్ గేజ్ పెడితే ఊగుడు 0.03. 0.05 లోపుంటే చాలు. పైన సన్న సాండ్ పేపర్ మెరుగు, ఎమరీ గుడ్డ వద్దన్నా, దాని రజను కరెంటు పారనిస్తుంది, రెండు రింగుల సందులో చేరితే తలనొప్పి.

సీలు 190, ఓ రింగు 40, రాగి వాషర్లు 20, బేరింగులు రెండూ 520, రెగ్యులేటర్ 850, డయోడ్ ప్లేటు 1,350. లేతు పని 250.
ఖర్చు ఇప్పటిదాకా: 4,210

స్టేజ్ 6: బిగింపు

బేరింగులు రెండువైపులా రబ్బరు మూత ఉన్న టూ ఆర్ఎస్ రకం, సీ3 అని రాసినవి, వేడికి వ్యాకోచించినా బిగుసుకుపోకుండా లోపల కాస్త ఎక్కువ సందు ఉంటుంది. షాఫ్టు మీద ఎక్కించేటప్పుడు గొట్టం లోపలి రింగు మీదే ఆనాలి, బయటి రింగు మీద కొడితే గోళీలు గాట్లు పడి కొత్తదే గరగరమంటుంది.

సీలు పూర్తిగా అడుగుదాకా కొట్టలేదు, ఒక మిల్లీమీటరున్నర ఎత్తులో ఆపా. అలా చేస్తే కొత్త పెదవి షాఫ్టు మీద పాత గీత తగిలిన చోట కాకుండా నున్నటి చోట రాసుకుంటుంది. ఇది బాబాయ్ చెప్పిన ఉపాయం, ఎంత విలువైనదో చేశాకే అర్థమైంది, లేదంటే షాఫ్టుకి స్లీవ్ వేయించాల్సి వచ్చేది. పెదవికి ఇంజిన్ ఆయిల్ రాసి, షాఫ్టు అంచు పదును తగలకుండా ప్లాస్టిక్ కాగితం చుట్టి దించా.

స్టేటర్ వైర్లు సోల్డర్ చేసేటప్పుడు డయోడ్ కాలుని ముక్కు ప్లయర్‌తో పట్టుకుంటే వేడి అందులోకి పోతుంది. పంచ్ గీతలు కలిపి, నాలుగు పొడుగు బోల్టులూ మూలకి మూల కొంచెం కొంచెంగా బిగించి, ప్రతిసారీ చేత్తో తిప్పి చూశా. రెగ్యులేటర్ చివర్లో.

బండికి ఎక్కించే ముందు వాక్యూమ్ పంపు ఆయిల్ రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి చేత్తో తిప్పండి, మొదటి స్టార్ట్‌లో పలకలు పొడిగా తిరక్కుండా. పైపుకి రాగి వాషర్లు కొత్తవే.

బెల్టు పగుళ్ళొచ్చింది, మార్చా, 380. బొటనవేలితో మధ్యలో గట్టిగా నొక్కితే 10 మిల్లీమీటర్లు దిగాలి. ఎక్కువ బిగిస్తే కొత్త ముందు బేరింగు మీదే భారం.

ఖర్చు ఇప్పటిదాకా: 4,590

స్టార్ట్ చేయగానే మొదట చూసింది చార్జింగ్ కాదు, బ్రేక్. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కిందికి జారాలి. జారింది.

ఐడిల్‌లో 14.3. చెక్క రేస్ లోడ్‌తో 14.1. రిపుల్ 0.05.

స్టేజ్ 7: మళ్ళీ ఆయిల్, ఈసారి అసలు కారణం

ఇక్కడితో అయిపోయిందని రాసేవాణ్ణే. కానీ బిగించాక ఒక తెల్ల కాగితం వెనక కవర్ కింద టేపుతో అంటించి పెట్టా, సీలు ఎలా పట్టిందో తెలియడానికి. గంట నడిపి వచ్చి చూస్తే కాగితం మీద అర్ధ రూపాయంత తాజా మరక. కొత్త వైటన్ సీలు, గీత తప్పించి పెట్టిన సీలు, గంటకే ఎందుకు వదలాలి?

ఆయిల్ రావడం మామూలే, పోవడమే సంగతి. సన్న పైపులోంచి ఒత్తిడితో వస్తుంది, లావు గొట్టంలోంచి బరువుకి జారి పోవాలి. పోయే దారి మూసుకుంటే పంపులో ఆయిల్ నిండి సీలుని వెనక నుంచి తోస్తుంది. ఏ సీలూ ఆ ఒత్తిడికి పనికొచ్చేది కాదు, అది షాఫ్టు వెంట చెమ్మ తుడవడానికే.

దిగే గొట్టం తీశా. బయట నిగనిగలాడుతోంది, ఒక్క పగులు లేదు. లోపల 10 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు దూరాలి, 6ది కూడా దూరలేదు. మధ్యలో కోస్తే లోపలి పొర ఆయిల్‌కి ఉబ్బి పొరలుగా ఊడి దారిని మూసేసింది. ఎప్పుడో ఎవరో ఆయిల్‌కి తట్టుకునే గొట్టం బదులు నీళ్ళ రేడియేటర్ రకం గొట్టం వేశారు, కోసిన అంచులో రబ్బరు తేడా స్పష్టంగా తెలుస్తోంది.

అంటే వరస ఇదన్నమాట: గొట్టం ఉబ్బింది, ఆయిల్ ఆగింది, సీలు వదిలింది, బ్రష్‌లు నానాయి, డయోడ్ ప్లేటు ముద్దలో కూరుకుని వేడెక్కింది, ఒక డయోడ్ తెగింది, మీటర్‌లో లైటు వెలిగింది. రీకండిషన్ డైనమో 5,500 పెట్టి వేసినా ఈ గొట్టంతో అదీ ఇదే దారి పట్టేది.

1. ఆయిల్‌కి పనికొచ్చే గొట్టం, పాతదాని పొడవే, ఎక్కడా మెలిక లేకుండా, మొదటి నుంచి చివరిదాకా కిందికి వాలుగా.
2. సంప్ వైపు పైపులో సన్న తీగ దూర్చి పాత రబ్బరు పొరలు లాగేయడం. రెండు ముక్కలొచ్చాయి.
3. గొట్టం పైమూతిలో పావు లీటర్ ఆయిల్ పోసి చూడటం, గుటకలు లేకుండా ఒకే ధారగా దిగింది.
4. వెనక కవర్ తుడిచి కొత్త కాగితం.

సీలు మళ్ళీ మార్చలేదు, పెదవి చూస్తే ఏం కాలేదు. గొట్టం 160.
ఖర్చు మొత్తం: 4,750

తర్వాత గుంటూరు వెళ్ళొచ్చి చూసినా కాగితం పొడిగానే ఉంది.

స్టేజ్ 8: చివరి రీడింగులు

పాతవి ఎడమ, కొత్తవి కుడి:

- పొద్దున్నే బ్యాటరీ: 12.31, 12.62
- ఐడిల్, లోడ్ లేకుండా: 13.9, 14.3
- ఐడిల్, లోడ్‌తో: 12.6, 13.6
- చెక్క రేస్, లోడ్, చల్లగా: 13.2, 14.1
- చెక్క రేస్, లోడ్, వేడి మీద: 12.8, 13.9
- రిపుల్: 0.94, 0.05
- ప్లస్ వైపు వైరు నష్టం: 0.58, 0.08

వేడి మీద 0.2 తగ్గడం తప్పు కాదు, వేడి పెరిగేకొద్దీ రెగ్యులేటర్ కావాలనే కాస్త తగ్గిస్తుంది, వేడి బ్యాటరీకి తక్కువ వోల్టేజే మంచిది.

మీటర్‌లోని బ్యాటరీ లైటు గురించి ఒక ముక్క. ఈ రకం డైనమోకి స్టార్టింగ్‌లో రోటర్‌కి మొదటి కరెంటు ఆ బల్బులోంచే వెళ్తుంది. బల్బు పోయినా, ఎల్ఈడీ బాగుంటుందని మార్చినా డైనమో ఐడిల్‌లో లేవకపోవచ్చు, రేస్ ఇస్తేనే లేస్తుంది. తాళం తిప్పగానే ఆ లైటు వెలుగుతోందా లేదా అన్నది రోజూ చూడండి.

ఇంకా మిగిలిన పనులు: కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి 200 కిలోమీటర్ల దగ్గర మళ్ళీ బిగించాలి. ఆయిల్ మార్చినప్పుడల్లా దిగే గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడాలి, మెత్తగా జిగటగా తగిలితే తీసేయడమే. ఇంజిన్ బ్రీదర్ గొట్టంలోంచి (సంప్‌లో గాలి బయటికి పోయే దారి) ఐడిల్‌లో ఆవిరి కొంచెం ఎక్కువే వస్తోంది. సంప్‌లో గాలి ఒత్తిడి పెరిగితే కూడా ఆయిల్ కిందికి దిగడానికి ఇబ్బంది పడుతుంది. అందుకే బ్రీదర్ జాలీ కడిగి పెట్టా, దాంతో తగ్గకపోతే కంప్రెషన్ చూపించాలి. అప్పటిదాకా కవర్ కింద కాగితం తీయట్లేదు.